బ్యారెల్‌కి కోటింగ్ వేయించాలా, వద్దా? .22 వాళ్లు కాస్త చెప్పండి

ప్రోన్‌నాన్న, కూకట్‌పల్లి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. 50 మీటర్ల ప్రోన్ (.22 రైఫిల్‌తో బోర్లా పడుకుని కాల్చే పోటీ) కొడుతుంది, ప్రాక్టీసు గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరున్న రేంజ్‌లో. రైఫిల్ సెకండ్‌హ్యాండ్ ఆన్‌షూట్స్ 1913 (జర్మన్ కంపెనీ మోడల్). ఇప్పటికి ఎన్ని వేల రౌండ్లు కాల్చారో అమ్మినాయనకే సరిగ్గా తెలియదు.

కొన్ని నెలలుగా స్కోరు 654కి 612, 615 మధ్యే తిరుగుతోంది. పొజిషన్ బాగానే ఉందని కోచ్ అంటున్నారు. మొన్న రేంజ్ బయట ఒకాయన కలిసి, బ్యారెల్ లోపల సిరామిక్ కోటింగ్ వేయిస్తే ఫౌలింగ్ (లోపల పేరుకునే మసి, లోహం) పట్టదు, గ్రూపు (వరుస షాట్లు కాగితం మీద పరుచుకునే వెడల్పు) సగానికి తగ్గుతుంది అన్నాడు. ఆయన అడిగిన డబ్బుతో ఒక బ్రిక్ (500 రౌండ్లు) పోటీల్లో వాడే మ్యాచ్ అమ్యునిషన్ వచ్చి ఇంకా మిగులుతుంది. అక్కడే ఉన్న ఇంకొకాయనేమో, అంత ఖర్చెందుకు, తూటాలకే మోలీ పౌడర్ పట్టించండి అన్నాడు. నేను బ్యాంకు ఉద్యోగిని, ఈ విషయాలు నాకు ఓ పట్టాన అర్థం కావు. వచ్చే నెల స్టేట్ పోటీ ఉంది. అమ్మాయి కంటే నాకే టెన్షన్ ఎక్కువగా ఉంది.

నాలుగోలేన్, మణికొండ

అంకుల్, ముందు ఆ మోలీ సంగతి మర్చిపోండి. .22 తూటా ఫ్యాక్టరీ నుంచే కోటింగ్‌తో వస్తుంది. పెట్టెలోంచి ఒక రౌండ్ తీసి సీసం మీద బొటనవేలితో రుద్ది చూడండి, జిడ్డు అంటుతుంది. అదే దాని కందెన. టెనెక్స్ లాంటి మ్యాచ్ బ్రాండ్లకు తేనెమైనం, పశువుల కొవ్వు కలిపి వాడతారు, కొన్ని రకాలకు పారాఫిన్ వాడతారు. దాని మీద ఇంకో పొడి పట్టిస్తే మైనం ఊడొస్తుంది, లేదంటే పొడి అందులో ముద్దలు కడుతుంది. ఒక్కో తూటాకు ఒక్కో మందంలో పడుతుంది. లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) టెస్ట్ చేసి ఏరి కొనుక్కున్నదంతా బూడిదలో పోసినట్టే.

మ్యాట్ మీద రౌండ్ పడితే నేను తుడిచి కూడా వాడను. దుమ్ము అంటుకుని ఉంటుంది, తుడిస్తే మైనం పోతుంది. పక్కన పెట్టేసి, చివర్లో సైటర్లుగా (లెక్కలోకి రాని తొలి షాట్లుగా) కూడా కాకుండా పొజిషన్ వార్మప్‌లో కొట్టేస్తాను.

బేగంపేట్‌భాయ్

గ్రూపు సగానికి తగ్గుతదా? ఎవరు కొట్టిన్రు, ఎన్ని షాట్లు, రెస్ట్ మీద ఆనిచ్చినా, చేతికి స్లింగ్ పట్టీ కట్టుకొనా, ముందూ వెనకా ఒకటే లాటా? ఇవి అడిగినవా అన్నా? గా టార్గెట్ కాగితాలు చూపియ్యమను. చూపియ్యలేదంటే చాయ్ తాగి ఇంటికి పో.

కందెన, సంతోష్‌నగర్

నా ఉద్యోగమే రాపిడి, అరుగుదల, కందెనల మీద. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మోలీ అంటే మాలిబ్డినం డైసల్ఫైడ్. పొరలు పొరలుగా ఉండే పదార్థం. రెండు గంధకపు పొరల మధ్య పట్టు బలహీనం, అందుకే ఒకదాని మీద ఒకటి సులువుగా జారతాయి. గ్రాఫైట్ కూడా చూడ్డానికి అలాంటిదే, కానీ నడత పూర్తిగా వేరు. గ్రాఫైట్ బాగా జారాలంటే గాలిలో కొంత తేమ ఉండాలి. మోలీకి తేమే పడదు, తడి గాలిలో రాపిడి పెరుగుతుంది. మన హైదరాబాద్ మే నెలలో ఒకలా, ఆగస్టులో ఇంకోలా ఉంటుంది. మోలీ కూడా ఆ రెండు నెలల్లో ఒకేలా పనిచేయదు.

రెండోది వేడి. గాలి తగిలే చోట దాదాపు 350, 400 డిగ్రీల సెల్సియస్ నుంచి మోలీ ఆక్సీకరణ చెందడం మొదలవుతుంది. అలా మారేటప్పుడు గంధకం ఆక్సైడ్లు వస్తాయి. వాటికి తేమ తోడైతే ఆమ్లం తయారవుతుంది. మోలీ వాడి, శుభ్రం చేయకుండా వానాకాలమంతా బీరువాలో పెట్టిన బ్యారెల్‌లో గుంటలు పడతాయన్న భయం అందుకే వచ్చింది. టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ ఇంకొంచెం ఎక్కువ వేడి ఓర్చుకుంటుంది. హెక్సాగనల్ బోరాన్ నైట్రైడ్ వీటికంటే చాలా మెరుగు, సుమారు 900 డిగ్రీల దాకా నిలుస్తుంది. అందులో గంధకం లేదు, తెల్లగా ఉంటుంది, చేతులు నల్లబడవు. ఇప్పుడు కోటింగ్ కావాలనుకునే సెంటర్‌ఫైర్ (రాగి తొడుగు తూటాలు కాల్చే పెద్ద రైఫిళ్ల) వాళ్లలో చాలామంది దానివైపు వెళ్లింది అందుకే.

అయితే ఇదంతా రాగి తొడుగున్న తూటాల గురించి. సెకనుకు 800 మీటర్ల పైన వెళ్లే తూటా తన తొడుగులోని రాగిని గాడుల్లో పూసుకుంటూ పోతుంది. ఆ రాగి పట్టకుండా, తొందరగా వదిలేలా చేయడానికి ఈ పూతలన్నీ. మీ పాప కొట్టేది సెకనుకు 330 మీటర్ల లోపు వెళ్లే సీసపు తూటా. రాగే లేని బోర్‌లో (బ్యారెల్ లోపలి గొట్టంలో) రాగి పట్టకుండా మందెందుకు?

టెక్సాస్‌తెలుగు

మాది దిల్‌సుఖ్‌నగర్, ఇప్పుడు డాలస్ పక్కన ఉంటున్నాను. ఇక్కడ .308, 6 మిల్లీమీటర్ల కార్ట్రిడ్జ్‌లు సొంతంగా లోడ్ చేసుకుంటాం, అంటే పౌడర్, తూటా మేమే నింపుకుంటాం. 1990ల్లో అమెరికా అంతా మోలీ మోజే. తూటాల జిడ్డు కడిగి, చిన్న స్టీలు గుండ్లతో, మోలీ పొడితో పాటు డబ్బాలో వేసి గంటల తరబడి తిప్పేవాళ్లు, పైన కర్నాబా మైనం పూత. బర్గర్, సియెరా కంపెనీలు పూసిన తూటాలు అమ్మాయి. నార్మా వాళ్ల డైమండ్ లైన్ కూడా ఆ బాపతే.

అప్పట్లో చెప్పిన లాభాలు మూడు. రాగి తక్కువ పడుతుంది, మధ్యలో శుభ్రం చేయకుండా ఎక్కువ షాట్లు కొట్టొచ్చు, బ్యారెల్ ఎక్కువ కాలం వస్తుంది. మొదటి రెండూ చాలావరకు నిజమే. ప్రెయిరీ డాగ్‌ల (ఒక ఉడుత జాతి) వేటకు వెళ్లి రోజంతా వందల రౌండ్లు కాల్చేవాళ్లు అందుకే ఇంకా వదల్లేదు. మూడోదే తేలిపోయింది. పూత వల్ల రాపిడి తగ్గితే ప్రెషర్ తగ్గుతుంది, వేగం పడిపోతుంది. పోయిన వేగం తెచ్చుకోవడానికి ఇంకాస్త పౌడర్ వేస్తారు. త్రోట్‌ని (ఛాంబర్ ముందు గాడులు మొదలయ్యే చోటుని) తినేది రాపిడి కాదు, మండే గ్యాసు వేడి. పౌడర్ పెరిగాక ఇక బ్యారెల్ మిగిలేదెక్కడ?

ఇంకో తలనొప్పి ఉంది. శుభ్రం చేసిన బ్యారెల్‌లో పూసిన తూటా వేస్తే, లోపల పొర పరుచుకునే దాకా మొదటి షాట్లు ఒకచోట పడవు. పోటీలో సైటర్లన్నీ దానికే పోతాయి. పైగా త్రోట్ ముందు మోలీ, కార్బన్ కలిసి గట్టిగా పెచ్చు కడతాయి. మామూలు సాల్వెంట్‌కి అది లొంగదు. నేను ఇప్పుడు లాంగ్ రేంజ్‌కి మాత్రం బోరాన్ నైట్రైడ్ పూస్తున్నాను, అదీ శుభ్రం చేయడం తేలికని. గ్రూపు తగ్గిందని మాత్రం గుండెమీద చెయ్యేసి చెప్పలేను.

ఒక్క హెచ్చరిక. పూసిన తూటాకు కుదిర్చిన లోడు, పూయని తూటాకు వాడకూడదు. ప్రెషర్ లిమిట్ దాటే ప్రమాదం ఉంది.

మోడరేటర్

ఇక్కడ ఆగండి. లోడ్ డేటా ఎవరూ అడగొద్దు, ఎవరూ పెట్టొద్దు. టెక్సాస్ చట్టం వేరు, మన చట్టం వేరు. ఆర్మ్స్ యాక్ట్, 1959, సెక్షన్ 5 ప్రకారం అమ్యునిషన్ తయారీకి లైసెన్స్ కావాలి. మీ లైసెన్స్‌లో ఏముందో చదువుకోండి, అనుమానం వస్తే కమిషనర్ ఆఫీసులో అడగండి. యూట్యూబ్‌లో చూసి ఇంట్లో మొదలుపెట్టొద్దు.

మౌలాలీ_50మీ

అందరూ కోటింగ్ మీద పడ్డారు గానీ, నేను వేయించుకున్నాను. ద్రవం రూపంలో వస్తుంది, డైనా బోర్ కోట్ లాంటిది. బోర్‌లో జిడ్డు లేకుండా తుడిచి, ప్యాచ్‌తో (గుడ్డముక్కతో) పూసి, ఆరనిచ్చి, తర్వాత కాల్చి పట్టించారు. నాకైతే తేడా కనిపిస్తోంది. ముందు ప్యాచ్‌లు నల్లగా వచ్చేవి, ఇప్పుడు రెండో మూడో ప్యాచ్‌కే తెల్లగా వస్తున్నాయి. డబ్బులు దండగ అని నేను అనుకోను.

కందెన, సంతోష్‌నగర్

ప్యాచ్ తెల్లగా రావడం మంచిదే, కాదనను. కానీ ప్రోన్‌నాన్న గారు అడిగింది గ్రూపు గురించి. పూతకు ముందు, తర్వాత ఒకే లాటుతో రెస్ట్ మీద పది షాట్ల గ్రూపులు నాలుగైదు కొట్టి ఉంటే పెట్టండి, నేనూ నేర్చుకుంటాను.

మౌలాలీ_50మీ

అవి లేవు సార్. స్కోర్లు మాత్రం పెరిగాయి.

బేగంపేట్‌భాయ్

అదే టైంల నువ్వు జాకెట్ కూడా కొత్తది కుట్టించుకున్నవ్ కదనే 😀

ఆర్మరర్‌మామ, తిరుమలగిరి

నేను ఫౌజులో ఆయుధాల మరమ్మతులోనే పనిచేసి రిటైరయ్యాను. బ్యారెల్‌కి చేసే వైద్యాల గురించి నాలుగు ముక్కలు చెప్తాను.

ఆర్మీ రైఫిళ్ల బోర్‌కి క్రోమ్ ఎందుకు వేస్తారు? ఆటోమేటిక్‌గా కాలిస్తే వచ్చే వేడికి, వానకు, బురదకు, తుడవని చేతులకు తట్టుకోవాలి కాబట్టి. క్రోమ్ మందం అంతటా సమంగా కూర్చోవడం కష్టం, అందుకే మ్యాచ్ బ్యారెళ్లలో అరుదు. నైట్రైడింగ్ ఇంకో దారి. ఉప్పు స్నానం అంటారు, ఐదారు వందల డిగ్రీల వేడిలో ఉక్కు పైపొరనే గట్టిపరుస్తారు. అది కొత్త బ్యారెల్‌కి చేసే పని. తర్వాత ఛాంబర్ (రౌండ్ కూర్చునే గది) కోయాలన్నా, ల్యాపింగ్ చేయాలన్నా టూల్ పట్టదు.

ల్యాపింగ్ అంటే సీసపు ముద్దకు పేస్టు రాసి బోర్‌ని లోపల నున్నగా రుద్దడం. మంచి బ్యారెల్ తయారీదారులు ఫ్యాక్టరీలోనే చేతితో చేస్తారు. తూటాలకే గరుకు పొడి పట్టించి కాల్చే ఫైర్ ల్యాపింగ్ కూడా ఉంది, డేవిడ్ టబ్ ఫైనల్ ఫినిష్ అలాంటిదే. గరుకైన ఫ్యాక్టరీ బ్యారెల్‌కి పనికొస్తుంది. మ్యాచ్ .22కి మాత్రం ఎవడైనా చేస్తానంటే రైఫిల్ కేసు మూసేసి ఇంటికి వచ్చేయండి. తీసేసిన ఉక్కు మళ్లీ రాదు. కొన్ని .22 బ్యారెళ్లు మజిల్ (తూటా బయటికొచ్చే కొస) వైపు వెంట్రుకవాసి బిగుతుగా ఉంటాయి, కావాలనే అలా చేస్తారు. రుద్దితే ముందు పోయేది ఆ బిగుతే.

ఇక ప్రోన్‌నాన్న గారూ, మీ రైఫిల్‌కి ఏం జబ్బో చూడకుండానే మందు కొంటున్నారు. బోర్‌స్కోప్‌తో (బ్యారెల్ లోపల చూసే సన్న కెమెరాతో) ఛాంబర్ ముందు చూడండి. కేసు మూతి ఆగే చోటు దాటగానే కార్బన్ ఉంగరంలా పేరుకుంటుంది, ముఖ్యంగా అడుగు వైపు. పాత .22లలో నూటికి తొంభై పాళ్లు గొడవ అక్కడే ఉంటుంది. తర్వాత మజిల్ చూడండి. క్రౌన్ (మజిల్ అంచు) చుట్టూ మైనం మరక నక్షత్రంలా, అన్ని వైపులా ఒకేలా ఉంటే క్రౌన్ బాగున్నట్టే. ఒక పక్క తెగి ఉంటే ఎవరో శుభ్రం చేసే రాడ్‌ని మజిల్ నుంచి దూర్చి అరగదీశారన్నమాట. రాడ్ ఎప్పుడూ ఛాంబర్ వైపు నుంచే, బోర్ గైడ్ (రాడ్‌ని తిన్నగా నడిపే గొట్టం) పెట్టే.

ప్రోన్‌నాన్న, కూకట్‌పల్లి

మామగారూ, ధన్యవాదాలు. ఒక సీనియర్ షూటర్ ఫోన్‌కి తగిలించే బోర్‌స్కోప్ తెచ్చారు. మీరు చెప్పినట్టే ఛాంబర్ ముందు నల్లగా, మెరుస్తూ, తారు ఎండినట్టు ఒక పట్టీ ఉంది. అడుగున మందం ఎక్కువ. పైన గాడులు కనిపిస్తున్నాయి, అడుగున కనిపించడమే లేదు. మజిల్ దగ్గర నక్షత్రం బాగానే ఉంది. దీన్ని గీకాలా?

ఆర్మరర్‌మామ, తిరుమలగిరి

గీకడం అన్న మాటే వద్దు నాయనా. రిమ్‌ఫైర్‌కి (అంటే .22 లాంటి వాటికి) పనికొచ్చే కార్బన్ సాల్వెంట్‌తో ప్యాచ్ తడిపి, అక్కడ నానబెట్టి, మెత్తని కాంస్యం బ్రష్ మెల్లిగా తిప్పి, తుడిచి, మళ్లీ నానబెట్టడం. ఒక్క పూటలో పోకపోతే రేపు చేయండి. స్టీలు బ్రష్ దగ్గరికి రానివ్వొద్దు. అయ్యాక సాల్వెంట్ చుక్క కూడా మిగలకుండా పొడి ప్యాచ్‌లు వేయండి.

నాలుగోలేన్, మణికొండ

అంకుల్, ఒకటి ముందే చెప్తున్నాను, కంగారు పడొద్దు. శుభ్రం చేశాక మొదటి పది, ఇరవై షాట్లు ఎక్కడెక్కడో పడతాయి. బోర్‌లో మైనం మళ్లీ పరుచుకోవాలి. బ్రాండ్ మారిస్తే కూడా ఇంతే. ఒకరి మైనం మీద ఇంకొకరిది కూర్చునే దాకా గ్రూపు నమ్మొద్దు. చాలామంది ఐదేసి షాట్లు కొట్టి ఈ బ్రాండ్ బాలేదు అనేస్తారు, వాళ్లు నిజానికి చూసింది రెండు మైనాల గొడవ. స్టేట్‌కి ముందు రోజు మాత్రం బ్యారెల్ ముట్టుకోవద్దు.

గణితం_సార్, వనస్థలిపురం

మైనం సమంగా లేకపోతే ఏమవుతుందో లెక్క కట్టి చూశాను. 330 మీటర్ల వేగంతో బయల్దేరిన తూటా 50 మీటర్లు వెళ్లేసరికి సుమారు 12 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. వేగం ఒక శాతం, అంటే సెకనుకు మూడు మీటర్లు మారితే ఆ దిగడంలో దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల తేడా. 50 మీటర్ల టార్గెట్‌లో పది రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, ఒక్కో దశాంశానికి 0.8 మిల్లీమీటర్లు. అంటే 10.6 పడాల్సింది 10.3 పడుతుంది. పాప ట్రిగ్గర్ తప్పేమీ లేదు. బ్యారెల్ ఊగే తీరును బట్టి ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది, అది వేరే చర్చ. ప్రోన్‌లో అరవై షాట్లు. లెక్క మీరే వేసుకోండి.

అందుకే పూతలకు పెట్టే డబ్బు లాట్ టెస్టింగ్‌కి పెట్టమంటాను. ఒకే బ్రాండ్, ఒకే గ్రేడ్, వేరు వేరు లాట్లు తీసుకుని రెస్ట్ మీద కొట్టి, ఈ బ్యారెల్‌కి ఏది నచ్చిందో చూసి అదే లాటులో దొరికినన్ని కొనుక్కోవడం. జర్మనీలో షోనెబెక్‌లోని లాపువా టెస్ట్ సెంటర్‌కి షూటర్లు తమ రైఫిళ్లు తీసుకెళ్లి చేయించుకునేది ఇదే.

బేగంపేట్‌భాయ్

లాట్ కొన్నాక కారు డిక్కీల పెట్టకుర్రి. తేనెమైనం 62, 64 డిగ్రీలకు కరుగుతది, కొవ్వు అంతకంటే ముందే మెత్తబడుతది. మే నెలల పార్కింగ్ చేసిన కారు డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చూడుర్రి తెలుస్తది. ఒకాయన పెట్టె తెరిస్తే మైనమంత ఒక పక్కకు జారి ప్లాస్టిక్ ట్రేకు అంటుకుంది. మస్తు ఖరీదైన అమ్యునిషన్. కోటింగ్ పోయింది, పైసలు పోయినయ్.

ఎయిర్‌రైఫిల్_అమ్మ, ఉప్పల్

మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. మా బాబు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. పెల్లెట్లు కడిగి నూనె రాయాలంటున్నారు, నిజమేనా?

నాలుగోలేన్, మణికొండ

ఆంటీ, మ్యాచ్ పెల్లెట్లు డబ్బాలోంచి తీసినట్టే వాడనివ్వండి. అంచులు వంగినవి ఏరేస్తే చాలు. దానికి వేరే చర్చ పెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది.

ప్రోన్‌నాన్న, కూకట్‌పల్లి

అప్‌డేట్. నల్లపట్టీ నానబెట్టి నానబెట్టి తీశాం, ఇప్పుడు చుట్టూ గాడులు కనిపిస్తున్నాయి. నాలుగోలేన్ చెప్పినట్టే మొదటి షాట్లు చెల్లాచెదురుగా పడ్డాయి. అమ్మాయి నావైపు చూసిన చూపు ఏం చెప్పమంటారు. తర్వాత సర్దుకుంది. రెస్ట్ మీద మూడు లాట్లు కొట్టాం. రెండింటి మధ్య పెద్ద తేడా లేదు, ఒకటి మాత్రం నిలువుగా సాగదీసినట్టు వచ్చింది. మా దగ్గర ఎక్కువ మిగిలింది అదే లాటు, మా ఖర్మ. స్కోరు సంగతి ఇప్పుడే చెప్పలేను, స్లింగ్‌తో పూర్తి మ్యాచ్ ఇంకా కొట్టలేదు. కోటింగ్ ఆయనకు వద్దని చెప్పేశాను. ఆయన ధర సగానికి తగ్గించాడు.

బేగంపేట్‌భాయ్

గ్రూపు సగానికి తగ్గుతదన్నడు, ధర తగ్గింది. మాట నిలబెట్టుకున్నట్టే.

మౌలాలీ_50మీ

అన్నా, ఆ నిలువుగా వచ్చిన లాట్ నంబర్ పెట్టండి. నా బ్యారెల్‌కి నచ్చుతుందేమో. కుదిరితే రెండు పెట్టెలు మార్చుకుందాం.

మోడరేటర్

లాట్ నంబర్ పెట్టుకోండి, గ్రూపు ఫోటోలు పెట్టుకోండి. తూటాల మార్పిడి బేరాలు మాత్రం ఇక్కడ వద్దు, దానికి చట్టంలో ఒక పద్ధతి ఉంది. మౌలాలీ గారూ, కందెన గారు అడిగారు కదా, మీ పూత బ్యారెల్‌తో రెస్ట్ మీద పది షాట్ల గ్రూపులు ఇంకా పెట్టలేదు.

మౌలాలీ_50మీ

ఆదివారం పెడతాను సార్.